రేవు దీపము – దాని నడకదారి

దీపస్తంభమనగానే మనము దాని ఎత్తును, కాంతిని కొనియాడుతాము. రేవుగట్టు కొనన నిలిచిన దీపముల విషయములో ఈ ప్రశంస సగమే న్యాయమని మా అభిప్రాయము. కొండమీది దీపము నౌకను ప్రమాదమునుండి తప్పిస్తుంది. గట్టుకొన దీపము రేవు వాకిలి చూపి లోనికి పిలుస్తుంది. కనుకనే అది అలల నడుమ నిలువవలసి వచ్చింది. మరి దానిని ప్రతిరాత్రి వెలిగించువారు అక్కడికి చేరుటెట్లు?

అమెరికాలో మిషిగన్ సరస్సు దక్షిణపు అంచున గల మిషిగన్ సిటీ రేవులో హారియెట్ కోల్‌ఫాక్స్ 1861 నుండి 1904 వరకు దీపసంరక్షకురాలు. ఆ కొలువు ఆమెకు దక్కడంలో, తరువాత ఉపాధ్యక్షుడైన బంధువు షైలర్ కోల్‌ఫాక్స్ పలుకుబడి ఉన్నదనేవారున్నారు. ఉండవచ్చును, 43 ఏండ్లు నూనె మోసినది మాత్రం పలుకుబడి కాదు. 1871లో గట్టుపై మరొక దీపము వెలిసింది. చలికి కొవ్వునూనె గడ్డకట్టేది. ఆమె దానిని ఇంట కాచి, తుపాను రాత్రులలోను గట్టువెంట మోసుకొనిపోయేవారు.

ఆమె 80 ఏండ్ల వయస్సులో విరమించిన 1904లోనే తూర్పు గట్టుకొనపై కొత్త దీపగృహము సిద్ధమయింది. పొగమంచులో మ్రోగే యంత్రపు భవనము, దానిపై ఎనిమిది పలకల బురుజు, ఒడ్డునుండి తెచ్చిన ఐదవ తరగతి ఫ్రెనెల్ కటకము, అలలకందని ఎత్తున ఇనుప నడకదారి, ఇదీ దాని కూర్పు.

1960లో దీపము స్వయంచాలకమయింది. మనిషి పోనవసరము లేనిచోట నడకదారి ఎందుకని ఆ సరస్సుల రేవులు పెక్కింట వాటిని తొలగించారు. మేమంగీకరించము. మరమ్మతు అంచనాలలో బురుజుతోపాటు నడకదారిని కూడ దీపగృహముగానే లెక్కించవలెను.