యవనుల వేల్పులు – మన పిల్లలు

ఇంగ్లీషు చదువుచున్న మన పిల్లల పుస్తకములలో జ్యూస్, హీరా, అపాలో, వీనస్ అను పేర్లు తఱచుగా కానవచ్చును. పిల్లలు వానిని ఎక్కములవలె వల్లించి, జ్యూస్ అనగా ఇంద్రుడు, అపాలో అనగా సూర్యుడు అని రెండు వరుసలు వ్రాసికొని పరీక్షకు పోవుదురు. తల్లి నడిగినచో, "ఆ దేవుళ్లు మన కేమి తెలియుదురు నాయనా, మాస్టారి నడుగు" మనుట పరిపాటి. పురాణకథలు చెప్పనేర్చిన తల్లికి ఈ పని మాస్టారికంటె సులువని నా తలంపు.

విశాఖపట్టణమువారికి మొదటి పాఠము ఋషికొండ దాటి భీమునిపట్టణము పోవు త్రోవలోనే యున్నది. తొట్లకొండమీది బౌద్ధవిహారమును 1988 మొదలు 1993 వఱకు త్రవ్వినపుడు శాతవాహనుల సీసపు నాణెములతోపాటు రోమనుల వెండి నాణెములును ఐదు దొరకినవి. ఓడ బేరమువలన వచ్చిన ధనమది. మనదేశమున విరివిగా దొరకిన టైబీరియస్ చక్రవర్తి (క్రీ.శ. 14–37) నాణెములపై ఒకవైపు ఆయన ముఖము, రెండవవైపు కొమ్మ చేతబూని కూర్చున్న స్త్రీమూర్తి యుండును. ఆమె శాంతిదేవత యని కొందఱు, చక్రవర్తి తల్లి లివియా యని కొందఱు చెప్పుదురు.

రెండవ పాఠము గోడమీది క్యాలెండరు. మంగళవారము రోమనుల మార్సుది, బుధవారము మెర్క్యురీది, గురువారము జూపిటర్‌ది, శుక్రవారము వీనస్‌ది, శనివారము శాటర్న్‌ది. ఈ వరుస యవనుల జ్యోతిషముతో మనకు వచ్చినదని పండితుల మతము. అయినను మన శుక్రుడు రాక్షసగురువు. వారి వీనస్ సౌందర్యదేవత. గ్రహ మొక్కటే, కథ వేఱు. జ్యూస్ కూడ పిడుగు చేతబట్టి యింద్రుని పోలినను, పేరునుబట్టి ఋగ్వేదమందలి ద్యౌస్సునకు చుట్టము. కావున జతలు కుదుర్చుటలో తొందర కూడదు.

ఈ దేవతల నడవడి పిల్లలకు చెప్పదగినదా యని కొందఱు శంకింతురు. గ్రీకు తత్త్వవేత్త ప్లేటోయే అట్లు శంకించెను. అహల్య కథ చెప్పుటకు జంకని మన కా శంక యేల?

మొదట డిమీటర్ కథ చెప్పుడు. ఆమె పైరుపంటల తల్లి. కూతురు పెర్సెఫొనీ పూలు కోయుచుండగా నేల విచ్చి, పాతాళరాజు హేడీస్ రథముపై నామెను ఎత్తుకొనిపోయెను. తండ్రియైన జ్యూస్ ముందే సమ్మతించి యుండెను. తల్లి నెవ్వరును అడుగలేదు. డిమీటర్ తొమ్మిది దినములు అన్నపానములు మాని, దివిటీలు పట్టుకొని వెదకెను. నిజము తెలిసినపిమ్మట దేవసభ విడిచి, ముదుసలి వేషమున ఒక యింట పసిబిడ్డకు దాదియై యుండెను. తుదకు విత్తు మొలకెత్తకుండ చేసెను. మనుష్యులు ఆకలిచే నశించిన దేవతలకు నైవేద్యము పెట్టువా రెవరు? అప్పటికి గాని జ్యూస్ దిగిరాలేదు. కాని పాతాళమున పిల్ల దానిమ్మగింజ తినియుండెను. అందుచే ఏట మూడవవంతు మగనియింట, తక్కిన కాలము తల్లికడ నుండవలసివచ్చెను. ఆమె వచ్చినపుడు నేల పచ్చబడును.

ఆడపిల్లను అత్తవారింటికంపిన తల్లి ఈ కథ చెప్పునపుడు పుస్తకము తెఱవనక్కఱలేదు. "తండ్రి తల్లి నెందు కడుగలేదు?" అని పిల్ల ప్రశ్నించినచో కథ ముగించి నిద్రపుచ్చకుడు, ఆ ప్రశ్నకు మీకు తోచిన యుత్తర మీయుడు.

పొయ్యికి అధిదేవత హెస్టియా మిగిలినది. ఆమెకు కథలు తక్కువ, మొదటి నైవేద్యము మాత్ర మామెదే. ఆమె సంగతి వచ్చు మాసము.