కొండ గూడేల్లోని కతోలిక ప్రార్థనాలయాలు: స్థలం ఎవరి పేరిట?

తార్నాక: తార్నాకలో ఒక మతసంస్థ దేవాలయం నిర్మించదలిస్తే స్థలం కొని, రిజిస్టర్ చేయించుకుని, అనుమతి పొందితే సరిపోతుంది. ఉట్నూరు కొండల్లోనో, పాడేరు మన్యంలోనో అది సాధ్యం కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల పేరిట మారడాన్ని చట్టం నిషేధిస్తోంది. అక్కడి కతోలిక ప్రార్థనాలయాల మనుగడ ఈ నిబంధనతో ముడిపడి ఉంది.

ఉస్మానియాతో అనుబంధం

1940లో జోడేఘాట్‌లో కుమురం భీం మరణానంతరం, ఆదిలాబాద్ గోండుల స్థితిగతుల అధ్యయనాన్ని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. తార్నాకను ఆనుకుని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆయన 1945 నుంచి ఆచార్యునిగానూ పనిచేశారు. గిరిజనుల భూమి అన్యాక్రాంతం కావడాన్ని అడ్డుకోవాలన్నది ఆయన ప్రధాన వాదన. ఆంధ్ర ప్రాంతంలో 1959లో వచ్చిన భూబదలాయింపు నిబంధనలను 1963లో తెలంగాణకు విస్తరింపజేశారు. 1970లో చేసిన సవరణే 1/70గా ప్రసిద్ధి చెందింది. 1988లో సుప్రీంకోర్టు దీనిని సమర్థించింది.

రెండు సంప్రదాయాలు, ఒకే చట్టం

ఆల్ప్స్ పర్వతాల చెంతనున్న అన్నెసీ నుంచి సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు 1846లో విశాఖపట్నం చేరారు. ఆ పీఠానిది లాటిన్ సంప్రదాయం. ఆదిలాబాద్ పీఠం సీరో మలబారు సంప్రదాయానికి చెందినది. 1999లో చాందా పీఠం నుంచి వేరుపడింది. పూజావిధానం వేరైనా ఇరువురికీ వర్తించే భూచట్టం ఒక్కటే.

ఈ చట్టం ప్రకారం విక్రయం, కౌలు మాత్రమే కాదు, కానుక సైతం బదలాయింపే. గిరిజనులకు, లేదా కేవలం గిరిజనులే సభ్యులుగా గల సహకార సంఘానికి తప్ప భూమి బదిలీ చెల్లదు. విశ్వాసి ఒకరు తన పట్టా భూమిలో చిన్న గుడి కట్టుకోనిచ్చినా స్థలం ఆయనదే. పీఠానికి దఖలు పడదు. రేపు వారసులు అభ్యంతరం తెలిపితే దిక్కెవరు? అటవీ హక్కుల చట్టం సైతం పాఠశాల, అంగన్‌వాడీ వంటి 13 రకాల సౌకర్యాలకే అటవీ భూమి మళ్లింపునకు వీలు కల్పించింది. వాటిలో ప్రార్థనాలయం లేదు.

అసలు చిక్కు

షెడ్యూల్డ్ కులాల హోదాకు 1950 నాటి ఉత్తర్వులో మతం షరతు ఉంది. తెగల హోదాకు అటువంటి షరతు లేదు. కనుకనే క్రైస్తవం స్వీకరించిన గోండు రైతు గిరిజనుడిగానే భూమిని నిలుపుకోగలుగుతున్నాడు. మతం మారిన వారిని తెగల జాబితా నుంచి తొలగించాలన్న డిమాండు కొన్నేళ్లుగా వినిపిస్తోంది. అది నెరవేరితే పోయేది రిజర్వేషన్లు మాత్రమే కాదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుడిగా భూమి పొందే హక్కు, ఆ భూమిలో నిలిచిన గుడి భవితవ్యం ప్రశ్నార్థకమవుతాయి.

గుడుల కోసం 1/70ను సడలించాలనడం సరికాదు. ఒక సంస్థకు తెరిచిన తలుపులోంచి వ్యాపారులూ ప్రవేశిస్తారు. ఆ చట్టమే విశ్వాసుల పొలాలకూ కంచె. గురువు అప్పుడప్పుడు వచ్చి పూజ చేసి వెళ్లినా, గూడెంలో ప్రార్థన నడిపేది స్థానిక ఉపదేశి. స్థలం, నిర్వహణ కూడా స్థానిక గిరిజన విశ్వాసుల చేతిలోనే ఉండేలా, గ్రామసభకు తెలిసేలా పీఠాలు లిఖితపూర్వక ఏర్పాటు చేసుకోవడమే మేలైన మార్గం.