లండన్ ప్రయాణం అమరావతిలో మొదలుపెట్టాలి

విదేశయాత్ర అనగానే ఎవరి కళ్ళయినా మెరుస్తాయి. నావీ మెరిశాయి, దాచుకోవడమెందుకు! మా అక్కా బావా లండన్ దగ్గర ఉద్యోగాలు చేసుకుంటూ మూడేళ్ళుగా అమ్మానాన్నల్ని రమ్మని పోరుతున్నారు. ఈ యేడు మిరపకాయ కాస్త రేటు పలికింది. నాన్న "సరే, పోదాం" అన్నాడు. అయితే షరతు పెట్టాడు. కాయ అమ్ముకున్నాక బయల్దేరి తొలకరి పడేలోపు తిరిగి రావాలి. గుంటూరు యార్డుకి వేసవి సెలవులిచ్చే రోజులే మాకూ సెలవులన్నమాట. ముగ్గురికీ టిక్కెట్లూ, వీసాలూ అయ్యేసరికి ఈ యేటి మిగులు మిగులు కాకుండా పోయింది. కనుక ఈ ప్రయాణం మా యింట్లో రెండోసారి వచ్చేది కాదు. బి.యస్‌సి. చదువుతున్నవాణ్ణి గనక ఎక్కడెక్కడ తిరగాలో ప్లాను వెయ్యమని నాకప్పగించారు.

బావ ఫోనులో ఒక జాబితా పంపాడు. అయిదు రోజులు, పధ్నాలుగు చోట్లు. లండన్ ఐ, టవర్ బ్రిడ్జి, రాణీవాసపు మేడలు, మేడమ్ టుస్సాడ్స్ మైనపు బొమ్మలు, లార్డ్స్ క్రికెట్ మైదానం.... ఒక్కొక్క దానికి గంటా, గంటన్నర. నేను చదువుతుంటే నాన్న చివరిదాకా విని, "ఏందిరా ఇది? కోటప్పకొండ తిరనాళ్ళలో ప్రభలు లెక్కపెట్టుకుంటూ పోయినట్టుంది" అన్నాడు. బావ మంచివాడే. తప్పు ఆయనది కాదు. విదేశం పోయినవాళ్ళందరూ అలాగే తిరుగుతున్నారు. వెళ్ళొచ్చాక ఏం చూశావురా అంటే ఫొటో చూపిస్తారు. ఏం తెలుసుకున్నావంటే ఇంకో ఫొటో చూపిస్తారు.

ఆ జాబితాలో పదోది బ్రిటిష్ మ్యూజియం. పక్కన బ్రాకెట్లో "మమ్మీలు, రొసెట్టా శిల – రెండు గంటలు" అని వుంది. ఏ గది ఎక్కడుందో చూద్దామని మ్యూజియం పటం తెరిచాను. 33–ఎ అన్నచోట "అమరావతి" అని వుంది. మొదట అచ్చుతప్పనుకున్నాను. కాదు, మన అమరావతే! మా వూరికి ఏడు కిలోమీటర్లు. కార్తీకమాసంలో అమ్మతో అమరేశ్వరుడి గుడికి పోయి, కృష్ణలో మునిగి, మరమరాలు తింటూ తిరిగొచ్చిన అమరావతే. నూట ఇరవై అయిదడుగుల ధ్యానబుద్ధుడి దగ్గర ఫొటోలు దిగిన అమరావతే. ఇరవై యేళ్ళొచ్చాయి, ఆ వూళ్ళో మ్యూజియం గుమ్మం ఒక్కసారీ తొక్కలేదని అప్పుడు గుర్తొచ్చింది. లండన్‌లో 33–ఎ గది ఎక్కడుందో తెలిసిన వాడికి, అమరావతి మ్యూజియం ఎప్పుడు తెరుస్తారో తెలియదు! ఉత్సాహం కొద్దీ ఒక శుక్రవారం నాన్నని బండి మీద ఎక్కించుకుని పోయాను. తాళం వేసి వుంది. అక్కడ శుక్రవారం సెలవు. తమాషా ఏమిటంటే బ్రిటిష్ మ్యూజియం శుక్రవారం నాడే రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి వుంచుతారు.

ఆదివారం మళ్ళీ పోయాం. స్తూపం వున్నచోటు ఇప్పుడొక గుండ్రటి మట్టిదిబ్బ, చుట్టూ నాలుగు రాళ్ళు. పాతవాళ్ళు దీన్ని దీపాలదిన్నె అనేవారు. నాన్న చుట్టూ తిరిగి, "చేలో గెట్టు తీసేసినట్టు తీసేశార్రా" అన్నాడు. మ్యూజియంలో నిలువెత్తు ఎద్దు బొమ్మ వుంది. దాని ముందు ఆయన పావుగంట నిలబడ్డాడు. మూపురం, గంగడోలు, కాళ్ళు పరిశీలించి "ఇది చెక్కినవాడికి సేద్యం తెలుసు" అన్నాడు. ఈ మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఇక చరిత్ర. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు చింతపల్లి విడిచి అమరావతిలో కోటా పేటా కట్టిస్తున్న రోజుల్లో, ఇటుకల కోసం, రాతి కోసం ఈ దిబ్బ తవ్వారు. ఆ మాట విని 1797లో కల్నల్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువులా తవ్వేసి వుంది. మిగిలినవాటికి ఆయన బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మల పుస్తకం లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో వుంది. కొన్ని పలకలు బందరు చేరాయి. రాబర్ట్‌సన్ అనే దొర తన పేర వెలసిన పేట బజారులో వాటిని అలంకారంగా పెట్టించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు వెళ్ళి ఎండకీ వానకీ పడివుండి, 1859లో ఓడెక్కాయి. లండన్‌లో మాత్రం యేం గౌరవం జరిగింది? బగ్గీలు పెట్టుకునే కొట్టంలో పడేశారు. 1867లో ఫెర్గూసన్ అనే పండితుడి కంటబడ్డాయి గనక సరిపోయింది. మర్నాడు యేడు ఆయన వాటి మీద పెద్ద పుస్తకమే వేశాడు. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. చాలాకాలం కొట్లో మూలిగి, 1992లో గాజుగోడ వెనుక, తేమ అదుపులో వుండే ప్రత్యేకమైన గది సంపాదించుకున్నాయి. మొత్తం నూట ఇరవై దాకా రాళ్ళు.

నాది కెమిస్ట్రీ గనక ఇక్కడొక మాట. ఆంగ్లేయులు "అమరావతి మార్బుల్స్" అని గొప్పగా పిలుస్తారు గానీ, అది చలవరాయి కాదు, మన పల్నాటి సున్నపురాయి. మెత్తగా చెక్కుడు పడుతుంది. గుణం మంచిదే, గ్రహచారమే చెడ్డది. కాలిస్తే సున్నమవుతుంది! పిడుగురాళ్ళ బట్టీల్లో ఇవాళ జరిగే చర్యే అప్పుడూ జరిగింది. స్వచ్ఛమైన రాయి వంద కిలోలు కాలిస్తే యాభై ఆరు కిలోల సున్నం దిగుతుంది, తక్కిన నలభై నాలుగు కిలోలు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలుస్తుంది. అలా ఎన్ని బుద్ధచరిత్రలు గోడలకి పూసుకున్నామో లెక్కలేదు. లండన్‌కి పోయినవాటికీ గండం తప్పలేదు. ఆ వూరి బొగ్గుపొగలోని గంధకం సున్నపురాయిని జిప్సంగా మార్చేస్తుంది. చెన్నైలో గోడల్లో బిగించిన పలకలకి తేమ ఎక్కి, ఉప్పు పొంగి, పొరలు లేచాయి. రాయి ఎక్కడున్నా రాయే, దాని రసాయనం మారదు.

అందుకని "దొంగిలించుకుపోయిన తెల్లదొరలు" అని గొంతు చించుకోవడం నాకు సగమే యిష్టం. మిగతా సగం మన బట్టీల మీదా పడాలి. అలాగని "వాళ్ళు తీసుకుపోయి కాపాడారు, లేకపోతే పోయేవి" అనే మాటా నాకు రుచించదు. బగ్గీల కొట్టం కాపాడటమా? అవి తిరిగి రావాలనే నా కోరిక. కానీ 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం, వున్న సొత్తు వదులుకోవడానికి దాదాపు వీల్లేకుండా చేసింది. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. మన ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధశిల్పం ఒకటి దొంగలపాలై ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీలో తేలింది. వాళ్ళు 2016లో తిరిగిచ్చారు. అది పోయింది దొరల కాలంలో కాదు మరి! నాన్న తేలిగ్గా అడిగాడు: "ఇస్తామన్నారే అనుకో, పెట్టుకోటానికి చోటు చూశావా?" దానికి నా దగ్గర ఇప్పుడే జవాబు లేదు. ఈలోగా అడగదగిందొకటి వుంది. లండన్‌లో, చెన్నైలో వున్న ప్రతి పలకకీ కంప్యూటరు కొలతలతో అచ్చుగుద్దినట్టు నకలు తీసి అమరావతిలో వరసగా, స్తూపం చుట్టూ వుండాల్సిన క్రమంలో నిలబెట్టాలి. ఇది కష్టమైన సైన్సు కాదు. ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇలాంటి యంత్రాలు ఇప్పుడు మామూలే. మా వూరి పిల్లాడు ఏడు కిలోమీటర్లు సైకిలు తొక్కి మొత్తం కథ చూడగలగాలి. దానికి వీసా అడగకూడదు.

సరే, ప్లాను. బావ జాబితా చించలేదు గానీ చాలా కొట్టేశాను. రాళ్ళు పోయిన దారినే మేమూ పోతాం. అమరావతి అయిపోయింది. తరవాత గుంటూరులో రైలెక్కి చెన్నై. ఎగ్మూరు మ్యూజియంలో ఒక పూట. మదమెక్కిన నాలాగిరి ఏనుగు బుద్ధుడి ముందు వంగే గుండ్రటి శిల్పం అక్కడే వుంది. విమానం కూడా అక్కడే ఎక్కుతాం. లండన్‌లో మొదటి శుక్రవారం సాయంత్రం 33–ఎ గది. రెండు గంటలు, మరో పని లేదు. అక్కడొక పలక వుందట, రెండు వైపులా చెక్కినది. ఒక వైపు బుద్ధుడి రూపం లేకుండా బోధివృక్షం, ఖాళీ ఆసనం, మొక్కుతున్న జనం. మూడునాలుగు వందల యేళ్ళ తరవాత దాన్నే తిప్పి రెండో వైపు మహాస్తూపాన్నే చెక్కారు. దీపాలదిన్నె నిండుగా వున్ననాడు ఎలా వుండేదో చూడాలంటే దాన్నే చూడాలి. మా వూరి దిబ్బ రూపం తెలుసుకోవడానికి నేను లండన్ పోతున్నాను!

టవర్ ఆఫ్ లండన్ వుంచాను, కోహినూరు కోసం. అది కొల్లూరు గనిది అని చెబుతారు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద వుంది. గనీ కనబడదు, వజ్రమూ మనది కాదు. అక్కడ గంట చాలు. నాన్న కోసం నేనుగా చేర్చింది రోథామ్‌స్టెడ్. లండన్‌కి ఉత్తరాన వుంది. అక్కడ ఒకే పొలంలో 1843 నుంచీ ఏటేటా గోధుమ వేసి, ఏ ఎరువుకి ఎంత పండిందో రాస్తూనే వున్నారు. అది మ్యూజియం కాదు, ముందుగా అనుమతి అడగాలి. అడుగుతూ రాశాను. ఆ లెక్కలతోనే ఫిషర్ స్టాటిస్టిక్స్ శాస్త్రాన్ని నిలబెట్టాడు. ఆయన దగ్గర కేంబ్రిడ్జిలో డాక్టరేటు చేసిన మన సి.ఆర్. రావుగారు అక్కడి మ్యూజియంలో పాత ఎముకలు కొలిచే ఉద్యోగం మీదే ఇంగ్లండు వెళ్ళారు. మ్యూజియం అంటే చూసి వచ్చేది మాత్రమే కాదు, కొలిచేది కూడా!

యూనియన్ మిత్రులకొక మనవి. ప్రతి యేటా మన ఎక్స్‌కర్షన్ ఊటీకో కొడైకెనాల్‌కో పోతోంది. చలి బాగుంటుంది, కాదనను. వచ్చే యేడు ఒక్కరోజు ఒక బస్సు అమరావతికి వేద్దాం. ఖర్చు ఊటీలో పదో వంతు కూడా అవదు. ఒక్కటే జాగ్రత్త, శుక్రవారం పెట్టకండి.

మా ప్లాను మొత్తం నిన్న రాత్రి చదివి వినిపించాను. నాన్న పొలం దగ్గర "రెండు పూటలు వెయ్" అన్నాడు. అమ్మ మాత్రం 33–ఎ దగ్గర ఆపింది. "రెండు గంటలంటున్నావు, నా మోకాళ్ళతో అంతసేపు నిలబడలేను. ఆ గదిలో కూర్చోటానికి బల్ల వుంటుందేమో అక్కని కనుక్కో" అంది. అక్కకి రాశాను. ఈ శనివారం వెళ్ళి చూసి చెబుతానంది.