జెంటూ శబ్దవిచారము

మన భాషకును జాతికిని పాశ్చాత్యులు చిరకాలము వాడిన పేరు "జెంటూ". హిందూధర్మశాస్త్రమును 1776వ సంవత్సరమున నింగ్లీషున వెలయించిన హాల్‌హెడ్ దొర తన పీఠికలో, జెంటూ యన సామాన్యార్థమున జంతువనియు, విశేషార్థమున మానవుడనియు సెలవిచ్చెను. వినుట కింపుగనే యున్నది. సంస్కృతమున జంతుశబ్దము మనుష్యునకు చెల్లుటయు నిజమే. అయినను చెవికి దోచిన పోలిక వ్యుత్పత్తి యగునా?

ఈ పదము ఓడనెక్కి వచ్చినది. లాటినున "గెన్స్" అనగా వంశము; "గెంటిలిస్" అనగా వంశమునకు జెందినవాడు. క్రైస్తవాచార్యుల లాటినులో నీ మాటయే అన్యమతస్థుడను నర్థమునకు దిగి, పోర్చుగీసువారి నోట "జెంతియు" అయ్యెను. వారు 1498లో కళ్ళికోటకు వచ్చిన పిమ్మట కాలక్రమమున మహమ్మదీయులను మూరులనియు, హిందువులను జెంతియులనియు వ్యవహరించిరి. ఇంగ్లీషువారు దానినే యెరువు దెచ్చుకొనిరి. చెన్నపట్టణమున నా యర్థము మరింత కుంచించుకొని, అరవవారు "మలబారులు", తెనుగువారు "జెంటూలు" నైరి. అచ్చటి కోటకు 1639లో నేల నొసగిన దామెర్ల నాయకులు తెనుగువారే! చోటిచ్చినవాని జాతికి అతిథి యంటగట్టిన బిరుదు అవిశ్వాసి.

ఆ లాటిను మాటకే పోర్చుగీసున "జెంతిల్" అను మరియొక బిడ్డ గలదు. దాని యర్థము సౌజన్యవంతుడు. మర్యాదగల బిడ్డను ఇంట నుంచుకొని, రెండవదానిని మనకు బంపిరి. 1816లో కాంబెల్ దొర వ్యాకరణము తెలుగు పేరనే వెలువడినను, "సామాన్యముగా జెంటూ యనబడునది" అను తోక ముఖపత్రమున వ్రేలాడుచునే యుండెను. నేడా మాట దక్షిణసముద్రములలోని యొక పెంగ్విను పక్షికి మిగిలినది. పక్షి కోపగించదు గదా!

దొరలను నిందించుట సులభము. మన నాలుక యేమి చేసినది? తురుష్కులను నొక జాతిపేరును "తురక"గా మార్చి, ఈ నేలనే పుట్టి యీ తెనుగే మాటాడు మహమ్మదీయుల కెల్ల నంటగట్టినది. ఫ్రాంకులను జాతిపేరు పారసీకుల మీదుగా వచ్చి మనకు "పరంగి" యయ్యెను. భావప్రకాశమను వైద్యగ్రంథమున ఫిరంగమనునది యొక సుఖవ్యాధి పేరు. జెంటూ యన్నందుకు కనులెఱ్ఱజేయు మర్యాదస్థులే, పొరుగింటి సాయిబుగారి పేరు చక్కగా దెలిసియుండియు, వాకిట నిలిచి "ఓ తురకాయనా" యని కేకవేయుచున్నారు.