గులకరాళ్ళ నేలకూ, పల్లానికీ ఒకే రేటా?

గులకరాళ్ళ చేను కౌలుకిస్తామంటే మన దగ్గర ఎవరూ తొందరగా ముందుకు రారు. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో ఎర్ర వైనుకు పేరు తెచ్చింది మాత్రం ఆ నేలే. జిరోండ్ నదీముఖానికి ఎడమ ఒడ్డున మెడోక్‌లో గులకరాళ్ళ మేటలున్నాయి. వాన నీరు నిలవదు, ఇట్టే దిగిపోతుంది. తీగ ఏపుగా పెరగదు గానీ కాయ చిన్నగా, రసం చిక్కగా వస్తుంది. పగలు కాగిన రాళ్ళు రాత్రి వెచ్చగా ఉంటాయి గనుక ఆలస్యంగా పండే కాబర్నే సావిన్యాన్ రకం అక్కడ పక్వానికొస్తుంది. సముద్రపు గాలుల్ని పడమటనున్న పైన్ అడవులు అడ్డుకుంటాయి.

దోర్దోన్ నదికి కుడివైపున పొమెరోల్‌లో బంకమన్ను. చల్లని నేల. అందుకే అక్కడ ముందుగా పండే మెర్లో ఎక్కువ వేస్తారు. పక్క చేనోడు వేశాడని వేసే పద్ధతి కాదన్నమాట!

అట్లాగని అంతా మట్టి మహిమే అనలేం. మెడోక్‌లో చాలా భాగం ఒకప్పుడు చిత్తడి. 17వ శతాబ్దంలో డచ్చి ఇంజినీర్లు కాలువలు తవ్వి నీరు తీశారు. 1855లో గ్రేడులిచ్చింది కూడా ఎస్టేట్లకే, వైను పలికిన ధరను బట్టి. మట్టిని పరీక్షించి కాదు.

ఇప్పుడు తాగేవాళ్ళు తగ్గారు. బోర్డో పేరుతో సాదా వైను అమ్ముకునే రైతు మునిగాడు. 2023లో హెక్టారుకు 6,000 యూరోలిచ్చి తోటలు పీకించే పథకం తెచ్చారు. మంచి గులకరాళ్ళ మెరకకూ, నీరు నిలిచే పల్లానికీ ఒకటే రేటు. నేల పేరు చెప్పి ఇన్నేళ్ళు అమ్మినవాళ్ళు తోటలు పీకేటప్పుడు నేలను చూడకపోతే ఎలా?