కరవు సీమలో కరవు సాధనములు

పావగడ తాలూకాలో వాన తప్పుట విశేషము కాదు, చక్కగా కురియుటయే విశేషము. పేరునకు తుమకూరు జిల్లాలోనిదైనను, మూడు వైపుల ఆంధ్రసీమ చుట్టియున్న యీ తాలూకాలో తెలుగు మాటయే మెండు. ఇట్టిచోట కరవును దాటి బ్రతుకుటకు వలయు సాధనములను, వానిని వాడు నేర్పును జనులు తమంత తామే కూర్చుకొనిరి. అవి యిపుడే స్థితిలో నున్నవని యడుగవలసిన కాలము వచ్చినది.

నల్లగొఱ్ఱె యున్నితో నేసిన కంబళి మందతో తిరుగువానికి వానకు గొడుగు, చలికి దుప్పటి, రాత్రికి పఱుపు. నాగలమడక కడ ఉత్తర పినాకిని యెండినపుడు, ఇసుకలో నెచ్చట చెలమ త్రవ్విన నీరు చిక్కునో, ఒడ్డు కూలకుండ నెట్లు వాలుగా తీయవలెనో, పెద్దల వెంట తిరిగినవారికే తెలియును. చేంతాడు, బొక్కెన, బావిలో పడిన బొక్కెనను తీయు గాలము ప్రతి యింట నుండెడివి.

అన్నిటిలో పాతర మిన్న. మెరకనేలలో గోయి త్రవ్వి, లోపల గడ్డి పఱచి, రాగులు నింపి, మూతిని మట్టితో మెత్తుదురు. రాగులకు పురుగు పట్టుట యరుదు గనుక అవి యేండ్ల తరబడి నిలుచును. అయితే మూత తీసినంతనే దిగరాదు. లోపలి గాలి చెడియుండును. చాలసేపు తెఱచియుంచి, దీపమును త్రాటితో దించి, అది యారకుండిననే, పైన నొకడు మోకు పట్టియుండగా దిగుట పెద్దల పద్ధతి. ఈ యొక్క సంగతి మఱచిన తరమునకు పాతర నిచ్చిన, ధాన్యము దక్కుటకు ముందే ప్రాణము పోవును.

పాతరయే సర్వరక్ష యని మేమనము. మైసూరు రాజ్యపు జనాభా 1871 లెక్కలలో 50 లక్షలకు మించియుండగా, 1876-78 క్షామము గడచిన పిమ్మట 1881లో ఇంచుమించు 42 లక్షలకు దిగినది. వరుసగా వానలు తప్పినపుడు ప్రభుత్వము చేయి యందింపక తీరదు. కాని ఆ చేయి యందువఱకు మనుష్యుడు నిలువవలెను గదా!

ఇపుడు పావగడకు క్రొత్త పంట వచ్చినది. ఐదు గ్రామములలో సుమారు 13,000 ఎకరములలో నెలకొని, 2018లో ప్రారంభమైన సౌర విద్యుత్క్షేత్రము 2,050 మెగావాట్ల సామర్థ్యము గలది. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు, రెండేండ్లకొకసారి నూటికి అయిదు హెచ్చు, గడువు 28 ఏండ్లు. వేరుసెనగ యెండి అప్పుల పాలైన రైతు ఈ కౌలుకు సమ్మతించుటను తప్పుపట్టువారు ఆ చేలలో ఒక వేసవి గడపి చూడవలెను. అయితే భూమిలేని కూలికి, మేపుబీడు పోయిన కాపరికి కౌలు రాదు. మందలు అమ్ముకొన్నవారు కలరు. మంద పోయిన కంబళి యెచ్చటిది?

న్యాయవాదిగా ఒక మాట. కౌలు ముగిసినపుడు భూమి తిరిగి వచ్చును. చేతి నేర్పును తిరిగి యిప్పించు షరతు ఏ పత్రమునను వ్రాయజాలము. కౌలు కుదిరిననాడు ఇరువదియేండ్ల యువకుడు గడువు తీరునాటికి నలువదియెనిమిదేండ్ల వాడగును. వాని కొడుకునకు ఎవరు నేర్పుదురు?

చౌకధరల దుకాణమున బియ్యము, బోరుబావిలో నీరు దొరకుచుండగా ఈ పాత సామగ్రి యెందులకని కొందఱందురు. బోరుకు విద్యుత్తు కావలెను. ఆ నీటిలో ఫ్లోరైడు మితిమీరుట ఈ తాలూకాకు పాత బాధయే. పాత బావులను చెత్తకుండీలు చేసికొని పిమ్మట ట్యాంకరు కొఱకు వరుసగా నిలుచుట వివేకమా?

జపాను దేశస్థులు 1923 సెప్టెంబరు 1 నాటి భూకంపమును మఱువక, 1960 నుండి ఏటేట ఆ దినమును విపత్తు నివారణ దినముగా పాటించుచు అభ్యాసములు చేయుదురు. భూకంపము వారికెట్టిదో కరవు పావగడకట్టిది. ఫాల్గుణములో ఎండలు ముదురక మునుపే ప్రతి గ్రామ పంచాయతీ ఒక దినము నేర్పఱచి, ఊరి బావి పూడిక తీయించి, త్రాళ్లు పరీక్షించి, ఒక పాతరను బాగుచేయించి, చెలమ త్రవ్వుట యెఱిగిన వృద్ధునిచేత బడిపిల్లలకు చూపింపవలెను. ఆ వృద్ధునకు దినకూలి యీయవలెను. బడికి వచ్చి ఉపన్యసించు అధికారికి భత్యమిచ్చుచున్నాము గదా! సౌర క్షేత్రము ద్వారా గ్రామములకు చేరు సొమ్ములో కొంత యిందులకు వెచ్చించుట అన్యాయము కాదు. రాబోవు గ్రామసభలోనే ఈ పద్దును చేర్చుడని సభ్యులను కోరుచున్నాము.