ఎండకాలం పాట ఎవలది?

నిరుడు ఎండకాలం ఒక సినిమా సారు మా ఇంటికి వచ్చిండు. చదువుకున్నోడు, మర్యాదస్తుడు. పెద్ద సినిమా కాదట, చిన్న సినిమా. హీరో ఉండడు, ఫైటింగులు ఉండయి. చచ్చిపోతున్న డప్పు మీద తీస్తడట. మా ఇంటామె ఇచ్చిన చాయ తాగిండు. గోడకున్న అంబేడ్కర్ ఫోటో చూసిండు, దాని పక్కన మొలకు ఏలాడుతున్న మా అయ్య డప్పు చూసిండు. "అన్నా, ఇంత గొప్ప కళ మీ చేతులల్లనే చచ్చిపోతున్నది. డీజేలు వచ్చి ఆగం చేసినై. మీరే బతికించుకోవాలె" అన్నడు. ఆ డప్పు షూటింగుకు ఇస్తరా అని అడిగిండు.

ఆలోచించి చెప్తనన్న. చెప్పాల్సింది మస్తు ఉండె, కని ఇంటికి వచ్చిన మనిషితోని లొల్లి ఎందుకని ఊకున్న. ఆ దినం నోట్లె మిగిలిపోయిన మాటలే ఇయ్యి.

మా ఊరు గోదారి ఒడ్డున, పాత కరీంనగర్ జిల్లా. ఎండకాలమంటే పట్నపోల్లకు సెలవులు, మామిడిపండ్లు, రేడియో. మాకు డప్పు. మాఘమాసంల మొదలైన పెండ్లిండ్లు వైశాఖం దాటేదాక ఒడువకపోయేది. పటేండ్ల ఇంట్ల పెండ్లంటే మా అయ్యకు, మా చిన్నాయినకు కబురు వచ్చేది. కబురని మర్యాదకు అంటున్న, అది హుకుం. మైలపోలు నాడు భుజానికి ఏసుకుంటే నాగెల్లి ఒడిసేదాక దించేది లేదు. ఎదురుకోళ్ళకు ముందల మేమే, పిల్లను సాగనంపంగ ముందల మేమే, బువ్వకాడికి వచ్చేసరికి అందరికంటె ఎనక మేమే. తలె, ముంత ఇంటికాడినుంచి తెచ్చుకోవాలె. కొట్టం పక్కన ఎడ్ల మూత్రం వాసనల కూసుండి తినాలె. అయ్య అటు తిరిగి తినేటోడు. నేను తన మొఖం చూడొద్దని అట్ల తిరిగేటోడని నాకు ఎన్కకు ఎరుకైంది.

నా పని వరిగడ్డి మోసుడు. పగటీలి ఎండకు తోలు తనంత తానే బిగుస్తది. రాత్రి సల్లగాలికి సడలుతది. అప్పుడు గడ్డి మంట వెట్టి కాపాలె. ఎక్కువ కాగితే పలుగుతది, తక్కువ కాగితే మూగవోతది. కాగిందా లేదా అన్నది అయ్య గోటితోని మీటి చెప్పేటోడు. మీరు శ్రుతి అంటరు గద, అదే. మేకతోలు సున్నపునీళ్ళల్ల నానవెట్టి బొచ్చు గీకుడు, చింతగింజలు వేంచి, నానేసి, నూరి, అంబలి లెక్క ఉడకవెట్టి ఆ జిగురుతోని తోలును చెక్క గుండుకు అతికిచ్చుడు, వార్లు గుంజి కట్టుడు, నీడల ఆరవెట్టుడు. ఎడమచేతి సిటికెన పుల్ల సన్నగ, కుడిచేతి చిర్ర లావుగ. ఆ రెంటి నడుమ ఎన్ని దరువులు పుడ్తయో నేను ఇప్పటికి లెక్కవెట్టలే. పెండ్లి దరువు వేరు, ఎల్లమ్మ దరువు వేరు, పీరీల దరువు వేరు, సావు దరువు వేరు. ఇన్ని ఎరుకున్న మనిషిని సంగీతం ఎరుకున్నోడని మా ఊర్ల ఎవ్వలన్నా అన్నరా? "ఏందిరా, గట్టిగ కొట్టు, కల్లు తాగలేదా?" అన్నరు.

అదే పెండ్లింట్ల ఇంకో పాట ఉండేది. మంచిర్యాల నుంచి మైకుసెట్టు వచ్చేది. పటేలు ఇంటి మీద రెండు దిక్కుల రెండు బూరలు కట్టి పొద్దంత సినిమా పాటలు ఏసేది. మా వాడ దాక వినవడేది. అంటు మనిషికున్నది గని పాటకు లేదు గద. మేం వాకిట్ల పండుకొని వినేటోల్లం. నేను సినిమా పాట నేర్చుకున్నది అట్లనే, చూరు కింద మంచంల, పరాయోల్ల పెండ్లికి.

1980ల 'శంకరాభరణం' వచ్చింది. ఆ ఎండకాలం ఏ పెండ్లికి పోయినా అవే పాటలు. పటేలు పందిట్ల కుర్సీల కూసుండి, "సంగీతమంటే ఇదిరా" అన్నడు. అప్పుడు మా అయ్య పది గజాల దూరంల, చేతిల కాగిన డప్పు పట్టుకొని, మైకు బందువెడితే కొడుదామని నిలవడి ఉన్నడు. ఆ పాటలు నాకు ఇప్పటికీ ఇష్టమే, బాలసుబ్రహ్మణ్యం గొంతు మీద నాకు పగ లేదు. నా లొల్లి ఆ సినిమా చెప్పిన మాటతోని. అందుల ముసలి శాస్త్రిగారు పాప్ పాటలు పాడే పోరగాండ్లతోని కొట్లాడుతడు. మంచి సంగీతం ఆరిపోతున్న దీపమని, దాన్ని కాపాడుకోవాలని తెలుగు దేశమంత కండ్లనీళ్ళు వెట్టుకున్నది. జాతీయ అవార్డులు వచ్చినై. ఎవల సంగీతం ఆరిపోతున్నది? ఎవల ఇంట్ల దీపం? ఒక సంగీతానికి కచేరీలు, కాలేజీలు, ఆకాశవాణి ఉండి కూడ చచ్చిపోతున్నదని ఏడ్పు. ఇంకోదానికి కొట్టం పక్కన జాగ. దానికోసం ఏ శాస్త్రి ఏడ్సిండు?

అదే 1980ల 'మా భూమి' సుత వచ్చింది. గౌతం ఘోష్ తీసిండు, బి. నర్సింగరావు నిలవడి తీయించిండు, గద్దర్ గొంగడేసుకొని పాడిండు. మా తెలంగాణ యాస, మా చెమట తెరమీద మొదటిసారి చూసినం. దాని మీద నాకు గౌరవం ఉన్నది. 'దాసి' 1988ల వచ్చింది. అది నేను సినిమాహాల్ల చూడలే. ఒక ఆయితారం పగటీలి దూరదర్శన్ల, హాస్టల్ టీవీ ముందట నలభైమంది పోరగాండ్లతోని చూసిన. అర్చనకు అవార్డు వచ్చిన సినిమా. గడిల గోసను అంత నిమ్మలంగ చూపిచ్చిన సినిమా నేను వేరే ఎరుగ. ఒక్కటే బాధ. ఆ సినిమాలు ఎవల గురించో వాళ్ళ ఊరి టాకీసులకు రాకపోయె. మా మండలంల టూరింగ్ టాకీసు ఉండె, ఇసుకల కూసుండి చూసేది. అండ్ల 'దాసి' ఆడలే. చిన్న సినిమా అంటె పట్నంల ఏసీ హాల్ల చప్పట్లు కొట్టే సినిమా అయిపోయింది. వెట్టి చేసినోల్లకు వెట్టి సినిమా టీవీల, అదీ కరంటు ఉంటే.

మా సొంత కచేరి గురించి చెప్పకపోతే పాపం తగుల్తది. పంటలు ఇంటికొచ్చినంక, ఎండలు ముదిరినంక, చిందోల్లు వచ్చేది. వాళ్ళు మాదిగోల్లను ఆశ్రయించి బతికే కులం. ఊర్ల కాదు, మా వాడల ఆడేది. తెల్లారేదాక జాంబపురాణం. భూమి పుట్టక ఆరు నెలల ముందే మన జాంబవంతుడు పుట్టిండని చెప్తుంటే, పొద్దున పటేలు ముంగట వంగిన నడుములు కొంచెం నిక్కేది. ఊరోల్లు సుత వచ్చేది, దూరంగ నిలవడి చూసేది. ఆ ఒక్క రాత్రి దూరంగ నిలవడేది వాళ్ళు. నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ ఆడమనిషై మగవేషాలు కట్టి యక్షగానం ఆడింది. 2005ల పోయింది. కూచిపూడికి శాస్త్రం, చిందుకు జానపదం. ఈ భాగారం ఏసినోడెవడు?

ఇంకో మాట. 1990 మే నెలల, తుఫాను వానలల్ల, 'జగదేకవీరుడు అతిలోకసుందరి' వచ్చింది. నేను ఆ పాటల క్యాసెట్టు టేపు అరిగేదాక విన్న. ఎన్నో ఏండ్లకు గని నాకు తెల్వలే, ఆ ఇళయరాజా పణ్ణైపురం దళితవాడ బిడ్డ అని, అన్న పావలర్ వరదరాజన్ ఎంబడి ఊరూరు తిరిగి కమ్యూనిస్టు పాటలకు వాయించినోడని. 1983ల శాస్త్రీయ నాట్యం గురించి తీసిన 'సాగర సంగమం'కు సంగీతం ఇచ్చి జాతీయ అవార్డు తీసుకున్నది ఆయననే. మా అయ్యకు చెప్పిన. నమ్మలే. "మనోడు గంత దూరం ఎట్ల పోతడురా?" అన్నడు. ఆయన కులం చెప్పుకుంటడా లేదా, అది ఆయన ఇష్టం. మా అయ్య మాత్రం ఆ దినం క్యాసెట్టు మల్ల ఏయమన్నడు.

ఇగ డప్పు ఎట్ల చచ్చిపోయిందో చెప్తా. డీజే చంపలే. మేమే చంపినం. 1987ల మా వాడల అంబేడ్కర్ సంఘం పెట్టినం. ఆ యేడే ఊర్ల ఒక పెద్దమనిషి సచ్చిపోతే, సావుడప్పు కొట్టమని చెప్పినం. కొట్టకపోతే ఏమైతదో మాకు ఎరుకే. కైకిలి బందు. కిరాణం దుకాణం బందు. గిర్నీల జొన్నలు పట్టుడు బందు. ఎడ్లు వాడకట్టు దాటితే కొట్టిండ్రు. నలభై దినాలు. చివరికి మా అవ్వ తల్లిగారి దిక్కు, ఆదిలాబాద్ జిల్లా చెన్నూరు అడివికి తునికాకు తెంపవోయినం. తెల్లారకముందే అడివిల వడుడు, యాభై ఆకులకొక కట్ట కట్టుడు, పొద్దుగూకంగ కల్లంల లెక్క అప్పజెప్పుడు. ఆ కల్లంలనే నేను మొట్టమొదలు గూడ అంజయ్య పాటలు విన్న. దండేపల్లి దగ్గర లింగాపురంల పుట్టిన దళితుడు. కైకిలోల్ల నోట్ల ఆయన పాట, ఆకుకట్టల మీద చేతుల దరువు. డప్పు లేదు, మైకు లేదు. పాడితే పోలీసులు అడిగే కాలం, అయినా పాడేది. నా బతుకుల గంత మంచి ఎండకాలం పాట మల్ల వినలే. ఆయన 2016ల పోయిండు.

ఎన్కకు నౌకరి మీద ఆదిలాబాద్ పట్నంల ఉన్న. అక్కడ మహారాష్ట్ర పక్కనే. ఏప్రిల్ 14 వచ్చిందంటే మరాఠీ భీమ్ పాటలతోని వాడలు దద్దరిల్లేది. వామన్ దాదా కర్డక్ రాసిన పాటలు, కొత్త పోరగాండ్ల కీబోర్డు పాటలు, సినిమా ట్యూన్ల మీద కట్టిన పాటలు సుత. మా దోస్తు ఒక తెలుగు పంతులు చెవులు మూసుకునేటోడు. "ఇదేం పాటయ్యా, సినిమా బాణీ దొంగతనం!" అని. నేను నవ్వేటోన్ని. వందేండ్లు మా దరువులు తీసుకపోయి సినిమాకు 'మాస్ బీట్' అని పేరు వెట్టుకున్నోల్లను దొంగలు అనలే. మేము ఒక ట్యూను ఎన్కకు తెచ్చుకుంటె దొంగతనమైందా? ఆనంద్ పట్వర్ధన్ పద్నాలుగేండ్లు తీసిన 'జైభీమ్ కామ్రేడ్' 2011ల వచ్చింది. 1997 జూలైల ముంబై రమాబాయి నగర్ల పోలీసులు పదిమంది దళితులను కాల్చి చంపినంక, ఉరివెట్టుకున్న పాటగాడు విలాస్ ఘోగ్రేతోని ఆ సినిమా మొదలైతది. చిన్న సినిమా అంటే అట్ల తీయాలె. అండ్ల పాడినోల్లకు పేరున్నది, ఊరున్నది, కోపమున్నది.

మా దిక్కు పాటకు పేరుండదు. 'జానపదం' అని రాస్తరు, కింద 'సేకరణ' అని ఒకరి పేరు. 2021ల 'సారంగదరియా' మీద పెద్ద లొల్లి అయింది. ఎవలు ముందు సేకరించిండ్రు, ఎవలు రాసిండ్రు అని టీవీలల్ల కొట్లాడిండ్రు. మొదలు ఏ అవ్వ నాటేసుకుంట అల్లిందో ఒక్కడూ అడుగలే. పాట చెట్టుకు కాసిందా?

ఇద్దరు మొగిలయ్యల సంగతి చూడుండ్రి. ఒకాయన దర్శనం మొగిలయ్య, పన్నెండు మెట్ల కిన్నెర వాయించే డక్కలాయన. 2021ల 'భీమ్లా నాయక్' పాట ముందల ఆయన గొంతు వెట్టుకున్నరు. 2022ల పద్మశ్రీ వచ్చింది. 2024 మేల, నడి ఎండకాలం, హైదరాబాద్ దగ్గర కైకిలి పని చేసుకుంట పేపర్లకు ఎక్కిండు. ఇంకొకాయన దుగ్గొండి బుడగజంగాల పస్తం మొగిలయ్య, ఆయన భార్య కొమురమ్మ. సిరిసిల్ల బిడ్డ వేణు ఎల్దండి 2023ల తీసిన 'బలగం'ల వాళ్ళ పాటకు రెండు రాష్ట్రాలు ఏడ్సినై. నేను సుత ఏడ్సిన, అబద్ధం ఎందుకు. 2024 డిసెంబర్ల ఆ మొగిలయ్య రోగంతోని పోయిండు. తెర మీద సావుకు ఏడ్సినోల్లు ఎంతమంది ఆ నిజం సావుకు పోయిండ్రో నేను చెప్ప. 'బలగం' చూసి ఇంటికొస్తుంటె తొవ్వల నాకు ఒక్కటే సోంచాయింపు. ఆ ఊర్ల సావుడప్పు కొట్టినోడు ఆ దినం యాడ కూసుండి తిన్నడు? ఆ కథ ఎవడు తీస్తడు?

మావోల్లల్ల సుత పంచాయితి ఉన్నది, దాసిపెట్ట. మా చిన్నాయిన డప్పు పేరెత్తితే తిడుతడు. "పీడ పోయింది బిడ్డా, మల్ల ఎందుకు భుజానికి ఏసుకుంటవు?" అంటడు. మా చిన్నోడికి డీజే అంటే పానం. పెండ్లి బరాతుల ఎగిరి ఎగిరి సొమ్మసిల్లుతడు. వానికి డప్పు పట్టుమంటే సిగ్గు. నేను వాన్ని తప్పువట్ట. సిగ్గు వానికి ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఎరుకే, ఆ కొట్టం పక్కనుంచి. అయితే 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిల దండోర మొదలైనంక, మాదిగ అన్న మాటను పేరు ఎనక పెట్టుకునే కాలం వచ్చినంక, కరీంనగర్ సభకు మా అయ్య తనంత తానే డప్పు దించిండు. ఎవలు పిలువలే. కబురు లేదు. గడ్డి నేనే తెచ్చిన, మంట నేనే వెట్టిన. తొవ్వ పొడుగునా కొట్టిండు. పగటీలి అన్నం అందరితోని వరుసల కూసుండి, మొఖం ఇటు తిప్పి తిన్నడు. అయ్య మొఖం చూసుకుంట నేను తిన్నది అదే మొదలు.

అందుకే సినిమా సారుకు రెండు దినాలకు ఫోన్ చేసి చెప్పిన. డప్పు ఇస్త. కొట్టెటోడు సుత మా వాడోడే ఉండాలె, పైసలు ముందుగాల్నే ఇయ్యాలె, తెరమీద వాని పేరు రాయాలె, మా అయ్య పేరు రాయాలె. బువ్వ మీతోని ఒక్క బల్ల మీద. ఇంకోటి, సావుదరువు కొట్టం, వేరే ఏదన్న కొడ్తం. ఆయన "తప్పకుండ అన్నా, ప్రొడ్యూసర్‌తోని మాట్లాడి చెప్త" అన్నడు.

మొన్న సంక్రాంతికి ఫోన్ చేసిండు. సినిమా అయిపోయిందట. డప్పు అవసరం పడలేదట, ఆ సప్పుడు కంప్యూటర్ల దొరికిందట.